విరేచనం ఆగకముందే ఓఆర్‌ఎస్ ఎలా బతికిస్తుంది: పేగు కణం లోపలి సంగతులు

కాలువల్లోకి కొత్తనీరు దిగే రోజుల్లోనూ, వరద తీసిన తర్వాతి వారం పది రోజుల్లోనూ విజయవాడ, గుంటూరు ఇళ్లను పట్టుకునే భయం నీళ్ల విరేచనాలది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడూ ఈ భయమే. తాగునీటి పైపు ఎక్కడో చిట్లి అందులోకి మురుగు చేరితే చాలు. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేవి మూడు: ఏమీ పెట్టకుండా కడుపు మాడ్చడం, మోషన్లు కట్టే బిళ్ల వేయడం, ‘గ్లూకోజు ఎక్కించండి’ అంటూ దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తడం. మూడూ పొరపాట్లే. ముందు చేయాల్సింది ఓఆర్‌ఎస్ కలిపి తాగించడం.

ఆ ప్యాకెట్‌లో క్రిమిని చంపే మందేమీ లేదు. విరేచనాన్ని ఆపే గుణమూ దానికి లేదు. రెండు రకాల ఉప్పు, కాస్త గ్లూకోజు, సిట్రేటు, అంతే. అయినా మనిషిని నిలబెడుతుంది. ఎలా నిలబెడుతుందో తెలియాలంటే పేగు లోపలి గోడ మీద ఒకే వరుసలో ఉన్న కణాల్లోకి వెళ్లాలి. ఇంటర్ బైపీసీలో కణం బొమ్మ గీసి భాగాల పేర్లన్నీ రాసిన వాళ్లకు కూడా అవి ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడతాయో ఆ బొమ్మలో కనబడదు. నీళ్ల విరేచనాలు తెచ్చే కలరా క్రిమి వదిలే విషం వెంట వెళితే కనబడుతుంది. కణాన్ని చుట్టిన పొర త్వచం, ప్రోటీన్లు తయారయ్యే గొట్టాల వల అంతర్జీవద్రవ్యజాలం, వాటిని మూటకట్టి పంపే గాల్జి, వీటి చుట్టూ ఉండే పల్చటి జెల్లీ లాంటి కణద్రవ్యం అన్నీ అది వెళ్లే దారిలోనే ఉన్నాయి.

త్వచం ఎవరిని రానిస్తుంది

కణాన్ని చుట్టిన త్వచం మందం 7 నుంచి 8 నానోమీటర్లు. పుస్తకంలో ఒక్క కాగితం మందంలో ఇలాంటివి పదమూడు వేలు పడతాయి. రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్ అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి నిలుస్తాయి. తోకలు కొవ్వు గొలుసులు కాబట్టి త్వచం నడుమ భాగమంతా నూనె స్వభావమే. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఆ నూనెలో కరిగి అవతలికి పోతాయి. సోడియం, పొటాషియం, క్లోరైడ్ లాంటి విద్యుదావేశం ఉన్న అయాన్లు పోలేవు. గ్లూకోజు అణువు కూడా పోలేదు. వీటికి ప్రోటీన్లు దారి ఇవ్వాలి. అందుకే త్వచం బరువులో సుమారు సగం ప్రోటీన్లే ఉంటాయి.

ఈ ప్రోటీన్లు మూడు రకాలు. ఛానెల్ తెరుచుకుంటే అయాన్లు ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకి వాటంతటవే పారతాయి. వాహక ప్రోటీన్ ఒక వైపు అణువును పట్టుకుని, తన ఆకారం మార్చుకుని, మరో వైపు వదులుతుంది. పంపు మాత్రం కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీని ఖర్చుచేసి తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకి, అంటే వాలుకు ఎదురుగా తోస్తుంది. చనిపోయిన కణంలో కూడా ఛానెళ్లు కాసేపు తెరిచే ఉండవచ్చు. పంపు ఆడేది బతికున్న కణంలోనే.

వీటిలో పెద్ద పంపు సోడియం-పొటాషియం పంపు. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ దీన్ని గుర్తించారు. 1997లో నోబెల్ వచ్చింది. ఒక్క ఏటీపీ ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు అయిదో వంతు ఈ ఒక్క పనికే పోతుంది. ఫలితం ఇది: రక్తంలో సోడియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌లు (అణువుల, అయాన్ల లెక్కకు వాడే కొలత) ఉంటే కణం లోపల 10 నుంచి 15 మాత్రమే. పొటాషియం లెక్క తిరగబడుతుంది: బయట 4, లోపల 140.

ఈ తేడా ఎందుకు అంత విలువైనదో మన ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణను 12 అడుగుల మట్టానికి నిలిపితేనే బందరు కాలువకూ ఏలూరు కాలువకూ నీరు ఎక్కుతుంది. ఆ తర్వాత తలుపు తెరవడమే పని. నీరు తనంతట తానే పొలానికి పోతుంది. పంపు కట్టిన సోడియం తేడా కూడా అంతే. దాన్ని నిలబెట్టడానికే ఖర్చు. గ్లూకోజును లాగడం, అమైనో ఆమ్లాలను లాగడం, నాడిలో సంకేతం పంపడం ఇవన్నీ ఆ మట్టం మీద ఆధారపడి జరుగుతాయి.

నీటికి పంపు లేదు

ఒక్క మాట ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. శరీరంలో నీటిని నేరుగా తోసే పంపు ఎక్కడా లేదు. నీటికి ఆక్వాపోరిన్ అనే ఛానెళ్లు ఉన్నాయి. పీటర్ ఆగ్రె 1992లో వాటిని గుర్తించి 2003లో నోబెల్ అందుకున్నారు. కానీ అవి దారి మాత్రమే ఇస్తాయి. నీరు ఎటు పోవాలో తేల్చేది ఉప్పూ చక్కెరా లాంటి కరిగిన పదార్థాలు. అవి ఎటు ఎక్కువుంటే నీరు అటు పోతుంది. ఇదే ద్రవాభిసరణం.

మాగాయ పెట్టేవాళ్లు ఏటా ఇది చూస్తూనే ఉంటారు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ముక్క మునిగేంత ఊట దిగుతుంది. ఆ నీరు బయటి నుంచి పోసింది కాదు, ముక్కలోని కణాల్లోది. బయట ఉప్పు ఎక్కువై, కణత్వచం దాటి నీరు బయటికి వచ్చేసింది. ఆ ఉప్పులో పడ్డ క్రిములకూ అదే గతి, అందుకే పచ్చడి నిలవుంటుంది.

పేగులోనూ ఇదే సూత్రం. రోజూ చిన్నపేగులోకి 8 నుంచి 9 లీటర్ల ద్రవం వస్తుంది. అందులో మనం తాగేది, తినేదానిలో ఉండేది కలిపి రెండు లీటర్లు. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు స్రావాలు. మలంతో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. తక్కినదంతా పేగు వెనక్కి పీల్చుకుంటుంది, అదీ ఉప్పును లాగడం ద్వారా. కాబట్టి ఉప్పు కదలిక కొంచెం తప్పినా లెక్క మొత్తం తలకిందులవుతుంది.

పేగు కణానికి రెండు ముఖాలున్నాయి. ఆహారం వైపు ముఖం మీద సుమారు మూడు వేల సూక్ష్మచూషకాలు బ్రష్ కుచ్చులా నిలబడి ఉపరితలాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి. రక్తం వైపు ముఖం మీద సోడియం పంపులు ఉంటాయి. పక్కపక్క కణాలను బిగించే కుట్లు ఈ రెండు వైపుల ప్రోటీన్లు కలిసిపోకుండా కూడా చూస్తాయి. ఈ ఏర్పాటు లేకపోతే ఒక వైపు నుంచి తీసుకుని మరో వైపు ఇవ్వడం అసాధ్యం.

ఆహారం వైపు ముఖం మీద ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహకం ఉంటుంది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు తనకు అతుక్కున్నాకే అది లోపలికి తిరుగుతుంది. సోడియం తన వాలులో లోపలికి దూసుకొస్తూ గ్లూకోజును వెంట లాక్కొస్తుంది. గ్లూకోజు రక్తం వైపున్న గ్లూట్2 దారి గుండా బయటికి పోతుంది; సోడియాన్ని పంపు నెట్టేస్తుంది. ఉప్పూ చక్కెరా రెండూ అవతలికి చేరాయి కాబట్టి వెనకాలే నీరూ పోతుంది. అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో ఈ జోడీ ప్రతిపాదన చేశారు.

కొవ్వుది వేరే దారి. జీర్ణమైన కొవ్వు ముక్కలు త్వచంలోని నూనె గుండానో ప్రోటీన్ సాయంతోనో లోపలికి వస్తాయి. నునుపు అంతర్జీవద్రవ్యజాలం వాటిని మళ్లీ కొవ్వుగా కూర్చి, ప్రోటీన్ తొడిగి, గాల్జికి పంపుతుంది. అక్కడి నుంచి సంచుల్లో రక్తం వైపు ముఖానికి చేరి, త్వచంతో కలిసిపోయి, శోషరసం (లింఫ్)లోకి విడుదలవుతాయి. గ్లూకోజు అణువుగానే దాటితే కొవ్వు మూటగా దాటుతుంది.

కలరా విషం నడిచే దారి

కలరా క్రిమి పేగు కణంలోకి చొరబడదు, పైపైనే అంటుకుని విషాన్ని వదులుతుంది. ఆ విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేళ్ల పేగు మీద ప్రయోగాలతో నిరూపించారు. విషానికి రెండు భాగాలు: అయిదు ముక్కల ఉంగరం ఒకటి, దాని మీద కూర్చున్న ఎంజైము ఒకటి. హాని చేసేది ఎంజైమే. ఉంగరం పని దాన్ని లోపలికి చేర్చడం.

త్వచం పై వరుసలో జీఎం1 అనే చక్కెర తల ఉన్న కొవ్వు అణువులు ఉంటాయి. ఉంగరంలోని అయిదు ముక్కలూ అయిదు జీఎం1లను పట్టుకుంటాయి. కణం తన మామూలు అలవాటు ప్రకారం త్వచాన్ని లోపలికి మడిచి చిన్న సంచిగా తెంపుకున్నప్పుడు విషం అందులో ప్రయాణిస్తుంది. ఇలాంటి సంచుల్లో చాలావాటి గమ్యం లైసోజోమ్. అక్కడ ప్రోటాన్ పంపులు పీహెచ్‌ను 4.5 నుంచి 5 దాకా దించి, అంటే లోపల ఆమ్లంగా ఉంచుతాయి, ఎంజైములు ప్రోటీన్లను ముక్కలు చేస్తాయి. విషం అటు పోయుంటే కథ అక్కడితో ముగిసేది. కానీ జీఎం1ను పట్టుకున్న తీరు వల్ల దానిలో కొంత భాగం వేరే మార్గం పడుతుంది. సంచి గాల్జి అంచుకు, అక్కడి నుంచి అంతర్జీవద్రవ్యజాలానికి, అంటే ప్రోటీన్లు బయటికి వచ్చే దారిలోనే వెనక్కి నడుస్తుంది. అంతర్జీవద్రవ్యజాలంలో ఉండాల్సిన ప్రోటీన్ల తోక చివర నాలుగు అమైనో ఆమ్లాల చిరునామా ఉంటుంది. కలరా విషం తోకకూ అదే రాతను పోలిన చిరునామా ఉంది.

అక్కడ చేరాక అది చేసే పని కణజీవశాస్త్రం తెలిసినవాళ్లను కూడా ఆశ్చర్యపరుస్తుంది. అంతర్జీవద్రవ్యజాలంలో సరిగా మడత పడని ప్రోటీన్లను ఏరి, విప్పి, త్వచంలోని సన్నని దారి గుండా కణద్రవ్యంలోకి తోసి, నాశనం చేసే తనిఖీ వ్యవస్థ ఒకటుంది. విషంలోని ఎంజైము ముక్క ఇక్కడ ఉంగరం నుంచి విడిపోయి, మడత చెడిన ప్రోటీన్‌లా కనబడి, ఆ దారినే బయటికి వస్తుంది. సాధారణంగా ఇలా వచ్చినవాటికి లైసీన్ అమైనో ఆమ్లాల మీద ‘నాశనం చెయ్యి’ అనే గుర్తు పడుతుంది. ఈ ముక్కలో లైసీన్లు చాలా తక్కువ. గుర్తు పడేలోపే తిరిగి మడత పడి, కణద్రవ్యంలో పనికి సిద్ధమవుతుంది.

ఇక సంకేతాల సంగతి. త్వచం లోపలి అంచున జీ ప్రోటీన్ అనే మీట ఉంటుంది. బయట హార్మోను తగిలినప్పుడు అది ఆన్ అయి, అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును కదిలిస్తుంది. ఆ ఎంజైము ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులు తయారుచేస్తుంది. కాసేపటికి జీ ప్రోటీన్ తనంతట తానే ఆఫ్ అవుతుంది. కలరా ఎంజైము ఈ జీ ప్రోటీన్‌లోని ఆర్జినీన్ అనే ఒక అమైనో ఆమ్లానికి రసాయన ముద్ద ఒకటి అంటిస్తుంది. దాంతో ఆఫ్ అయ్యే గుణం పోతుంది. మీట ఆన్‌లోనే ఉండిపోతుంది, సైక్లిక్ ఏఎంపీ ఉత్పత్తి ఆగదు. ఒక్కో ఎంజైము అణువు ఎన్నో జీ ప్రోటీన్లను ఇలా పాడుచేయగలదు.

సైక్లిక్ ఏఎంపీ పెరిగితే పేగులో రెండు జరుగుతాయి. ఆహారం వైపు ముఖం మీద సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ఛానెళ్లు తెరుచుకుని క్లోరైడ్ బయటికి కారుతుంది. కణాల సందుల్లోంచి సోడియం, వెంటనే నీరు దాని వెనక పోతాయి. రెండోది, సోడియాన్ని మామూలుగా పీల్చుకునే మరో దారి మందగిస్తుంది. బయటికి పోయేది పెరిగి, లోపలికి వచ్చేది తగ్గింది. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్లకు గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. బియ్యం కడిగిన నీళ్లలా వచ్చే ఆ ద్రవంలో లీటరుకు సుమారు 130 మిల్లీమోల్‌ల సోడియం ఉంటుంది, అంటే దాదాపు రక్తంలో ఉన్నంత.

మైక్రోస్కోపు కింద పెడితే మాత్రం ఆ పేగు గోడ దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. కణాలు చావలేదు, రక్తం కారదు, జ్వరం కూడా సాధారణంగా ఉండదు. చెడింది సంకేతం ఒక్కటే. సైక్లిక్ ఏఎంపీ ఆదేశం వినే దారుల్లో ఎస్‌జీఎల్‌టీ1 లేదు. విషం మిగతా అన్నిటినీ తలకిందులు చేసినా సోడియం-గ్లూకోజు జోడీ దారి తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ ఆధారపడేది సరిగ్గా దీని మీదే.

ఆఫ్ కాని జీ ప్రోటీన్లు ఉన్న కణం రాలిపోయేదాకా స్రావం సాగవచ్చు. పేగు కణం ఆయుష్షు 3 నుంచి 5 రోజులు. క్రిమిని చంపే యాంటీబయాటిక్ వేసిన మరుక్షణం విరేచనం ఆగకపోవడానికి కారణం ఇదే.

మన దగ్గర వచ్చే నీళ్ల విరేచనాలన్నీ కలరా కాదు. ఈ.కొలైలోని ఒక రకం విడుదల చేసే విషం కలరా విషానికి దగ్గరి చుట్టం, అదే మీటను పాడుచేస్తుంది. చిన్నపిల్లల్లో రోటావైరస్ మరో పద్ధతి ఎంచుకుంటుంది. అది పేగు గోడ మీద వేళ్లలా లేచి ఉన్న చూషకాల కొసల్లోని కణాలను చంపుతుంది. అంతకుముందే అంతర్జీవద్రవ్యజాలంలో దాచి ఉన్న కాల్షియాన్ని బయటికి కార్చేస్తుంది. కణద్రవ్యంలో కాల్షియం మామూలుగా బయటి కన్నా పదివేల రెట్లు తక్కువ. పంపులు దాన్ని ఎప్పటికప్పుడు బయటికో అంతర్జీవద్రవ్యజాలంలోకో ఎత్తిపోస్తూ ఉంటాయి. అంత తక్కువ ఉండబట్టే కొంచెం పెరిగినా కణానికి అది గట్టి సంకేతం అవుతుంది. రోటావైరస్ ఆ సంకేతాన్ని అబద్ధంగా మోగించి స్రావాన్ని పెంచుతుంది. దేశంలో ఈ వైరస్ టీకాను ప్రభుత్వం 2016లో తొలి విడతగా నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి.

కాల్షియం సంకేతం ఎంత పదునైనదో గుంటూరు మిరపకాయ కొరికినా తెలుస్తుంది. కారానికి మూలమైన క్యాప్సైసిన్ నాలుక మీది నాడి త్వచంలోని టీఆర్‌పీవీ1 ఛానెల్‌ను తెరుస్తుంది. అది నిజానికి 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకోవాల్సిన ఛానెల్. 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది, 2021లో నోబెల్ వచ్చింది. కాల్షియం, సోడియం లోపలికి దూకగానే కాలిందన్న కబురు మెదడుకు చేరుతుంది, నాలుక కాలకపోయినా. క్యాప్సైసిన్ నూనెలో కరిగే అణువు. అందుకే నీళ్లు తాగితే పోదు, పెరుగు తింటే తగ్గుతుంది.

నీరు పోతే మిగతా కణాలకు ఏమవుతుంది

నీరు తగ్గిందని మెదడు గ్రహించగానే వాసోప్రెసిన్ హార్మోను విడుదలవుతుంది. అది మూత్రపిండ కణం మీద చేసే పనికి వాడుకునేది కూడా సైక్లిక్ ఏఎంపీనే. కానీ అక్కడ దాని ఫలితం వేరు. కణం లోపల సంచుల్లో సిద్ధంగా ఉన్న ఆక్వాపోరిన్ ఛానెళ్లు త్వచానికి చేరి, మూత్రంలో పోవాల్సిన నీటిని వెనక్కి లాగుతాయి. పేగులో నీటిని బయటికి పారించిన అణువే మూత్రపిండంలో నీటిని కాపాడుతోంది. సంకేతంలో తేడా లేదు, దాన్ని అందుకునే త్వచం మీద ఏ ప్రోటీన్ ఉందన్నదే తేడా. మూత్రం ముదురు పసుపు రంగులో కొంచెంగా వస్తోందంటే ఈ ప్రయత్నం సాగుతోందని అర్థం. ఆరేడు గంటలు అసలు రాలేదంటే శరీరం ఓడిపోతోందని అర్థం.

రక్తం పరిమాణం బాగా తగ్గితే కణజాలాలకు ఆక్సిజన్ చేరదు. అప్పుడు దెబ్బ కణంలో ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియా మీద పడుతుంది. మైటోకాండ్రియా లోపలి త్వచం ప్రోటాన్లను ఒక వైపు పోగుచేసి, అవి వెనక్కి పారేటప్పుడు ఏటీపీ తయారుచేయించుకుంటుంది. పీటర్ మిచెల్ 1961లో చెప్పిన ఈ మాటకు 1978లో నోబెల్ దక్కింది. ఆక్సిజన్ లేకపోతే ప్రోటాన్లు పోగుపడవు, ఏటీపీ రాదు. ఏటీపీ లేకపోతే సోడియం పంపు ఆగుతుంది. బయట ఆపి ఉంచిన సోడియం లోపలికి కారుతుంది, వెనకే నీరు చేరి కణం ఉబ్బుతుంది. కాల్షియం కూడా వరదలా లోపలికి వస్తుంది. మైటోకాండ్రియా ఆ కాల్షియాన్ని మింగి మింగి చివరికి తమ త్వచాన్నే కోల్పోతాయి. దెబ్బ స్వల్పమైతే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే చిన్న ప్రోటీన్ జారి, కణం పద్ధతిగా ముడుచుకుని చనిపోయే కార్యక్రమం మొదలవుతుంది. పెద్దదైతే కణం పగిలి చుట్టుపక్కల మంట రేపుతుంది. మూత్రపిండాల నాళికల్లోని కణాలకు శక్తి అవసరం మెండు. నీరు పోయిన మనిషిలో ముందుగా నష్టపోయే వాటిలో అవి ఉంటాయి. సకాలంలో నీరు, ఉప్పు ఇస్తే చాలావరకు కోలుకుంటాయి.

ప్యాకెట్‌లో ఏముంది, ఎందుకు అంతే ఉంది

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్ సరిహద్దు ఊరు బనగావ్‌లో, కలరా రోగులకు సెలైన్ చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. అంతకుముందు 30 శాతం వరకు ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి.

ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు; మొత్తం 20.5 గ్రాములు. సోడియం, గ్లూకోజు చెరి 75 మిల్లీమోల్‌లు. వాహకానికి రెండు సోడియాలకు ఒక గ్లూకోజు చాలు కదా, సమానంగా ఎందుకంటే, పేగులోకి కారుతున్న ద్రవంలోనే సోడియం దండిగా ఉంది, కొరత గ్లూకోజుకే. కరిగినవన్నీ కలిపి మొత్తం గాఢత లీటరుకు 245 మిల్లీమోల్‌లు. రక్తం గాఢత సుమారు 290 కాబట్టి నీరు పేగు నుంచి రక్తంలోకే వాలుతుంది. 2002కు ముందు ఫార్ములా గాఢత 311 ఉండేది. దాన్ని తగ్గించాక పిల్లల్లో విరేచనం పరిమాణం, వాంతులు, సెలైన్ అవసరం కూడా తగ్గాయి.

కూల్‌డ్రింకు ఎందుకు ఇవ్వకూడదో ఈ లెక్కే చెబుతుంది. అందులో లీటరుకు చక్కెర 100 గ్రాములకు పైన, సోడియం నామమాత్రం. మాగాయ ముక్కలో జరిగినట్టే ఆ చక్కెర రక్తం వైపు నుంచి నీటిని పేగులోకి లాగుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉన్నా సోడియం తక్కువ. ఓఆర్‌ఎస్‌కు తోడుగా తాగవచ్చు, బదులుగా కాదు. ‘గ్లూకోజు బాటిల్’ అనే 5 శాతం డెక్స్‌ట్రోజులో సోడియం అసలే లేదు. నిజంగా సెలైన్ అవసరమైన రోగికి వైద్యులు ఎక్కించేది రింగర్ లాక్టేటు. అందులో సోడియం 130 ఉంటుంది. లాక్టేటు కాలేయంలో బైకార్బొనేటుగా మారి రక్తంలోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది.

కలపడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ మీద చూసుకోవాలి. లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపితే పసివాళ్ల రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరిగి ఫిట్స్ రావచ్చు. ప్యాకెట్‌లో సగం పోసి కలిపినా లెక్క తప్పుతుంది, పొడి అంతా సమంగా కలిసి ఉండదు. నీటిని ముందే మరిగించి చల్లార్చాలి, కలిపాక మరిగించకూడదు. పంచదార, నిమ్మరసం, జ్యూసు కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి.

ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీటిలో తలకొట్టి కొలిచిన 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. పంచదార 25 గ్రాముల దాకా ఎందుకంటే పేగులో అది విడిపోతే సగమే గ్లూకోజు, తక్కిన సగం ఫ్రక్టోజు. ఆ సగం సోడియం జోడీ దారిలో వెళ్లదు. ఉప్పు వేసిన పల్చటి గంజి ఇంకా మంచి ఎంపిక. పిండిపదార్థం పెద్ద అణువు కాబట్టి గాఢత పెంచదు, అరుగుతూ అరుగుతూ గ్లూకోజును కొంచెంకొంచెంగా వదులుతుంది. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరాలో విరేచనం పరిమాణాన్నే తగ్గించినట్టు పరీక్షల్లో తేలింది. మన పెద్దవాళ్ల గంజి వైద్యంలో లోపం ఒక్కటే, ఉప్పు కొలత.

ఎంత పట్టాలి? రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ల లోపు వారికి 100 నుంచి 200, ఆపై వారికి తాగగలిగినంత. అప్పటికే నీరు తగ్గిన లక్షణాలుంటే కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో. పది కిలోల పిల్లకు 750, అంటే నిమిషానికి 3 మిల్లీలీటర్లు. చెంచాతో నింపాదిగా పడితే సరిపోతుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా మెల్లగా మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు, అన్నం మానిపించకూడదు. మోషన్లు కట్టే బిళ్ల చిన్నపిల్లలకు వేయకూడదు. అది పేగు కదలికను ఆపుతుందే గానీ క్లోరైడ్ ఛానెల్‌ను మూయదు, కారిన నీరు పేగులోనే నిలుస్తుంది.

కళ్లు లోతుకు పోవడం, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే రెండు సెకన్లు దాటినా మామూలు కాకపోవడం, మగతగా ఉండి తాగలేకపోవడం, మూత్రం ఆగడం, మలంలో రక్తం, వీటిలో ఏది కనబడినా ఇంట్లో ప్రయోగాలు చాలించి ఆసుపత్రికి వెళ్లాలి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రులు రెండూ రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. దారిలో కూడా మింగగలిగితే ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండాలి.

కొనేటప్పుడు పేరు కాకుండా వెనక రాసిన పాళ్లు చదవాలి. పండ్ల రుచితో, చక్కెర దట్టించి, ఓఆర్‌ఎస్ అన్న మాటను పేరులో పెట్టుకున్న పానీయాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీని మీద పట్టువదలకుండా పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఇది రావలసినదాని కన్నా చాలా ఆలస్యంగా వచ్చిన నిర్ణయం.

ఇక జింకు. ఓఆర్‌ఎస్‌తో పాటు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి వైద్యులు చెప్పిన ప్రకారం 10, మొత్తం 14 రోజులు ఇవ్వాలి. జింకు పేగు కణం రక్తం వైపు ముఖం మీది కొన్ని పొటాషియం ఛానెళ్లను అడ్డుకుంటుందనీ, దాంతో క్లోరైడ్‌ను బయటికి తోసే విద్యుత్ బలం తగ్గుతుందనీ ప్రయోగశాలల్లో చూశారు. కణ విభజనకూ అది అవసరం. రాలిపోయిన కణాల చోట చూషకం అడుగు నుంచి కొత్తవి పుట్టి, పైకి జరిగి, కొసకు చేరేసరికి వాటి మీద సూక్ష్మచూషకాలు, ఎస్‌జీఎల్‌టీ1 సిద్ధమవుతాయి. మూడో రోజుకు విరేచనాలు తగ్గాయని జింకు సీసా పక్కన పెట్టేస్తారు చాలామంది. పేగు గోడ అప్పటికి సగం కట్టుబడిలో ఉంటుంది. మిగిలిన రోజుల మోతాదు ఆ పని కోసమే. ఆ పద్నాలుగు రోజులూ పూర్తిచేసిన పిల్లల్లో తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకోవడం తక్కువని గమనించారు.